గృహవినోదము: ఇటుకల పుట్టినరోజు



పుట్టినరోజు పండుగ యనగా మన చిన్ననాట తలంటు, క్రొత్త పరికిణీ, హారతి, పాయసము, అంతటితో సరి. నేటి పిల్లలకు అది చాలుట లేదు. ఉదయపు వేడుక పెద్దలది, సాయంకాలపు వేడుక తమది యని వారు విభాగము చేసికొన్నారు. ఆ సాయంకాలమునకు ఏదైన నొక వస్తువును ఆధారముగా పెట్టుకొని, అలంకారము, ఆటలు, తినుబండారములు అన్నియు దాని చుట్టు తిరుగునట్లు చేయవలెనట! ఎదురింటివారు నిరుడు అడవి మృగములను పెట్టిరి. మా పెద్దమ్మాయి తన స్నేహితురాలి యింట గ్రహమండలము చూచి వచ్చెను. మా చిన్నవాడు గత మాసమున ఏడేండ్లు నిండి యెనిమిదవ యేట అడుగిడెను. నెల దినములు ముందుగనే వాడు వంటయింటి గడపయొద్ద నిలిచి, "అమ్మా, నాకు ఇటుకల పుట్టినరోజు చెయ్యి" అని కోరెను.

చేసితిని. చేయుటలో రెండు పొరపాట్లును చేసితిని. ఒకటి డబ్బునకు సంబంధించినది. రెండవది డబ్బుతో దిద్దుటకు వీలులేనిది. మీలో అనేకులు ఇట్టి పండుగ నేడో రేపో చేయవలసినవారే గావున రెంటిని దాచక చెప్పెదను.

ఇటుకలనగా బట్టీలో కాల్చునవి కావు. బొటనవ్రేలంతటి ప్లాస్టిక్ ముక్కలు. పైన బొడిపెలు, క్రింద బోలులో గొట్టములు ఉండును. ఒకదానిపై నొకటి పెట్టి నొక్కిన టక్కున పట్టుకొనును, లాగిన ఊడివచ్చును. పిల్లలు వానిని లెగో అందురు. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న యూరిలో ఒక వడ్రంగి స్థాపించిన సంస్థ పేరది. వారి భాషలో "బాగుగా ఆడుకొనుము" అను అర్థమిచ్చు రెండు మాటలను కుదించి యీ పేరు చేసిరి.

ఆ వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్. ఈయన కథ తల్లులు వినదగినది. 1916లో ఆయన బిల్లుండులో వడ్రంగి దుకాణము కొనెను. 1924లో ఆయన చిన్న కుమారు లిద్దఱు ఆటగా చిత్రికపొట్టునకు నిప్పంటించిరి. దుకాణమును, ఇల్లును కూడ బూడిదయ్యెను. మరల కట్టుకొనెను. 1932లో దేశమంతట పనులు లేక యుండగా ఆయన భార్య మరణించెను. నలుగురు కొడుకులు ఆయన చేతిలో మిగిలిరి. ఇండ్లు కట్టించుకొనువారు లేని యా సంవత్సరముననే ఆయన కఱ్ఱబొమ్మలు చేయ నారంభించెను. ప్లాస్టిక్ ఇటుకలు వచ్చినది 1949లో. ఆ యూహ మొదట ఇంగ్లండులోని హిలరీ పేజ్ అను ఆటవస్తువుల తయారీదారునిది. అప్పటి యిటుకలు లోపల బోలుగా నుండి సరిగా పట్టుకొనెడివి కావు. గొట్టములు చేర్చి గట్టిగా పట్టుకొనునట్లు చేసి, 1958 జనవరి 28న పేటెంటు కొఱకు దరఖాస్తు పెట్టినవాడు గాట్‌ఫ్రెడ్. నాడు చిత్రికపొట్టునకు నిప్పంటించిన యిద్దఱు పిల్లలలో నొకడితడే! అల్లరిచేయు పిల్లలున్న సోదరీమణులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

1958లో చేసిన యిటుక నేడు చేసిన యిటుకకు అతుకును. అందుచేత ఒక యింటి పెద్దపిల్లవాని యిటుకలు చిన్నవానికి, వాని తరువాత మేనల్లునికి పనికివచ్చును. మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలవలె ఇవి చేతిపని కావు, మనసునకు ఆ యింపును ఇయ్యవు. కాని కొలత తప్పకుండుటయే వీని గొప్ప. పేటెంటు కాలము తీరిపోయినందున ఇప్పుడు ఇతరులును అదే కొలతలో చేయుచున్నారు. వెల తక్కువ. పట్టు కొంచెము వదులుగ నున్నను, పిల్లల విందునకు చాలును.

ఇక నా మొదటి పొరపాటు. బజారునకు పోయి, ఇటుకల బొమ్మలు ముద్రించిన కాగితపు పళ్ళెములు, గ్లాసులు, టోపీలు, గోడకు కట్టు తోరణము, బుడగలు, బల్లమీద పఱచు ప్లాస్టిక్ గుడ్డ కొంటిని. ఇంటికి వచ్చి లెక్క చూచుకొనగా ఆ సొమ్ముతో ఒక మాదిరి యిటుకల పెట్టెయే వచ్చియుండెడిది. ఇటుకల పండుగ చేయబోయి ఇటుకలు తప్ప తక్కినవన్నియు కొన్నట్లయ్యెను. మఱునాటి ఉదయమున అవి యన్నియు చెత్తబండి కెక్కినవి. ఒక్క పిల్లవాడును వానివంక చూచిన గుర్తు నాకు లేదు. తోరణము కావలెనన్న పాత రంగుకాగితములను రెండింతలు పొడవు, ఒకింత వెడల్పు గల ముక్కలుగ కత్తిరించి, ఒక్కొక్కదానిపై రూపాయిబిళ్ల చుట్టు గీచి తీసిన యెనిమిది చక్రములు రెండు వరుసలుగ అంటించిన చాలును. ఈ పని మా పెద్దమ్మాయి ఒక మధ్యాహ్నములో ముగించెను. దుకాణపు తోరణముకన్న అదియే బాగుండెను. దీపాల తోరణములు కొనువారు బొత్తామువంటి చిన్న బ్యాటరీలు గలవానిని ఇంటికి తీసికొని రావలదు. పసివారు వానిని మ్రింగిన యెడల రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును.

డబ్బు సంగతి ఇంతటితో చాలును. రెండవది చెప్పెదను.

పండ్రెండుమంది పిల్లలు ఆడుకొనవలెనన్న ఇటుకలు చాల కావలెను. తలకు నలుబది ముక్కలైన లేకున్న తగవులు వచ్చునని నా యంచనా. క్రొత్తగా కొన్నవి, పాతవి కలిపినను ఐదువందలకు కొంత తక్కువ పడెను. పండుగ ముందటి దినమున పిల్లలు బడికి పోయిన తరువాత ఇల్లు సర్దుచుండగా, చిన్నవాని బల్లమీద రంగురంగుల ముక్కలతో అతికిన పెద్ద కుప్ప యొకటి కనబడెను. మూడు వారములుగ వాడు దానియొద్ద కూర్చుండుట చూచుచునే యుంటిని. ఎఱుపు, నీలము, పసుపు, ఆకుపచ్చ, ఒకదాని కొకటి పొందికలేదు. "ఇది విప్పిన రెండువందల ముక్కలు వచ్చును" అనుకొంటిని. కూర్చుండి, వంటింటి గరిటె కాడతో సందులు వదులుచేసి, అరగంటలో అంతయు విప్పి బుట్టలో పోసితిని. లెక్క సరిపోయినదని సంతోషించితిని గూడ.

సాయంకాలము వాడు బడినుండి వచ్చి, సంచి దింపి, బల్లయొద్దకు పోయి నిలువబడెను. ఏడ్చిన బాగుండెడిది. ఏడ్వలేదు. కొంతసేపటికి వచ్చి, "అమ్మా, తాతగారి ఇల్లు ఏదీ?" అని యడిగెను.

"ఏ తాతగారి ఇల్లురా?"

"మీ నాన్నగారిది. కోనసీమది. అరుగు కూడా పెట్టాను కదా."

నిరుటి వేసవిలో నా పుట్టింటి పెంకుటిల్లు పడగొట్టి, ఆ స్థలమున అంతస్తుల కట్టడము లేపిరి. వీడు చివరిసారి ఆ యింట నున్నది ఆఱేండ్ల వయసున. ఎఱ్ఱ యిటుకలు చాలక సగము కప్పు నీలముగ వేసినాడట. పసుపుపచ్చవి అరుగు, ఆకుపచ్చవి పెరటిలోని కొబ్బరిచెట్లు. నేను పుట్టి పెరిగిన యింటిని నేను గుర్తుపట్టలేక గరిటె కాడతో ఊడదీసితిని.

మా అత్తగారు తులసికోటయొద్ద వత్తి సరిచేయుచు అంతయు వినుచుండిరి. "ఒక మాట అడిగి విప్పవలసింది కదమ్మా" అని మాత్ర మనిరి. మన యిండ్లలో పెద్దలు పిల్లలను మన్నింపు కోరుట వాడుక లేదు. ఆ రాత్రి నేను వాని ప్రక్కన కూర్చుండి, "తప్పు చేశానురా" అంటిని. "సరేలే అమ్మా" అని వాడు గోడవైపునకు తిరిగి పండుకొనెను. ఆ మాటకన్న దెబ్బలాడిన నయమనిపించెను.

మఱి పండుగ ఆపుటకు వీలులేదు. పిలుపులు పోయినవి. ఉదయము తలంటు, హారతి, గుడి యథావిధిగ జరిగినవి. సాయంకాలపు ఏర్పాటు వివరముగా చెప్పెదను. ఇది మాత్రము నేను తృప్తిగ చెప్పుకొనగలిగినది.

కూడదగిన వేళ నాలుగు గంటలు, విడిచిపోవు వేళ ఆఱున్నర. హాలులోని కుర్చీలు తీసివేసి, నేలపై పాత దుప్పట్లు రెండు పఱచి, ఇటుకలన్నియు నడుమ ఒక్క రాశిగ పోసితిని. దుప్పటి పఱచుట మఱువవలదు. ఆట ముగిసిన తరువాత నాలుగు చెఱగులు పట్టి ఎత్తిన ఇటుకలన్నియు ఒక్కమాఱు మూటలోనికి వచ్చును. మనము ఇంటిలో చెప్పులు లేక తిరుగువారము గదా! నేలపై విడిచిన యొక్క ఇటుక పల్లేరుకాయకు తీసిపోదు. చక్రములు, తలుపులు, కిటికీలు, మనిషిబొమ్మలు మాత్రము రాశిలో పోయరాదు. పిల్లల కొట్లాటలన్నియు చక్రముల కొఱకే. వానిని వేరొక గిన్నెలో నుంచి, తలకు రెండేసి చొప్పున వంతులవారీగ తీసికొననిచ్చితిని. పలకల కొఱకు వేరే కొననక్కఱ లేదు. అంచుగల స్టీలు పళ్ళెము తలకొకటి యిచ్చిన యెడల ఎవరి కట్టడము వారి పళ్ళెములో నుండును, ముక్కలు దొరలిపోవు, ఎత్తి మఱొకచోట పెట్టుటకును వీలగును.

మూడేండ్లలోపు పిల్లలను ఈ రాశి దరికి రానీయరాదు. వచ్చినవారిలో ఇద్దఱికి చిట్టితమ్ములు కలరు. వారికొఱకు లోపలి గదిలో మా అత్తగారి పర్యవేక్షణలో పెద్ద యిటుకలు పెట్టితిని. డూప్లో అను ఈ పెద్దరకము 1969లో వచ్చినది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును చిన్నదానికి రెండింతలు గావున నోట పట్టదు. ఎంత జాగ్రత్తపడినను ఒకవేళ పసివాని గొంతులో ముక్క అడ్డుపడిన యెడల కనబడని దానికొఱకు వ్రేలు పెట్టి కెలుకరాదు. అది ఇంకను లోపలికి పోవును. ఏడాదిలోపు బిడ్డను తల క్రిందుగ ముంజేతిపై బోర్లగ పెట్టుకొని రెండు ఱెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు కొట్టి, మరల వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ ఐదు మాఱులు నొక్కవలెను. ముక్క వచ్చువఱకు ఇట్లే చేయుచుండవలెను. ఇంతలో మఱొకరు 108కు ఫోను చేయవలెను. ఏడాది దాటినవారికి రొమ్ము నొక్కుటకు మారుగ పొట్ట పైభాగమును వెనుకనుండి లోనికి, పైకి నొక్కుటకలదు. అది చదివి నేర్చుకొనునది కాదు, తెలిసినవారు చేసి చూపగా నేర్చుకొనవలెను.

మొదటి యాట బాతు. అందఱకును ఎనిమిది బొడిపెల యిటుకలు ఆఱేసి పంచి, ఒక నిమిషములో బాతును చేయుడని చెప్పవలెను. పండ్రెండుగురికి డెబ్బదిరెండు. ఏ రెండు బాతులును ఒకవలె ఉండవు. ఒకని బాతు ఈదుచుండును, ఒకదాని మెడ ఒంటెకువలె లేచియుండును, ఒకడు తోకమాత్రమే చేసి "తల నీళ్ళలో ఉంది" అనెను. ఇట్లేల యనగా, ఒకే రంగుగల యెనిమిది బొడిపెల యిటుకలు రెంటిని 24 విధములుగ అతుకవచ్చును. మూటిని 1,060 విధములుగ. ఆఱింటినైతే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధములుగ. ఈ లెక్క చెప్పగా పిల్లలు నమ్మలేదు. ఒకడు తన బాతును విప్పి వేళ్ళు మడచి లెక్కించుటకు మొదలుపెట్టెను. పదునొకండవ దానియొద్ద విసిగి మానెను.

రెండవది వంతెన. రెండు పుస్తకములను జానెడు దూరమున నుంచి, వాని నడుమ వంతెన కట్టి, పైన నీళ్ళు నిండిన గ్లాసు పెట్టవలెను. ఇద్దఱిద్దఱు జతగ చేసిరి. ఇటుకలను ఒకదానిప్రక్క నొకటి చేర్చిన వంతెన విఱిగిపోవును. గోడ కట్టు మేస్త్రీవలె ఒక వరుస అతుకుపై రెండవ వరుస యిటుక నడుమ వచ్చునట్లు కట్టిన నిలుచును. ఈ సంగతి మేము చెప్పలేదు. రెండు గ్లాసులు ఒలికి, దుప్పటి తడిసిన తరువాత వారే కనుగొనిరి. కండ్లకు గంతకట్టి గోపురము కట్టు నాట కూడ ఒకటి పెట్టితిని గాని అది యంతగ రక్తి కట్టలేదు. పెద్దపిల్లలు గంత సందునుండి చూచిరి.

తుదకు ఊరు. ఎవరి పళ్ళెములో వారు ఒక యిల్లు కట్టవలెను; అన్నిటిని వరుసలుగ పేర్చి వీధులు తీర్చవలెను. సంక్రాంతి బొమ్మల కొలువు ముందు మనము మెంతులు చల్లి తోట పెంచి, అద్దపుముక్కతో చెఱువు చేయుదుము కదా! ఆ పద్ధతియే. చెఱువునకు అద్దము, బాటకు బియ్యపుపిండి, పొలమునకు ముందుగ మొలకెత్తించిన మెంతులు మా పెద్దమ్మాయి సిద్ధము చేసియుంచెను.

మా చిన్నవాడు బాతు చేసెను, వంతెన కట్టెను. ఇల్లు కట్టుడనగానే పళ్ళెము ప్రక్కన పెట్టి కిటికీయొద్దకు పోయి నిలువబడెను. అతిథులు గమనింపలేదు, నేను గమనించితిని. పిలుచుటకు నోరు రాలేదు.

మా యింట పని చేయునామె కూతురు తొమ్మిదేండ్ల పిల్ల. ఆ పిల్లను కూడ పిలిచితిని. తల్లి, "ఎందుకులే అమ్మగారూ, పాడు చేస్తుంది" అని వెనుదీసెను. మా అత్తగారు గట్టిగ చెప్పిన మీదట పంపెను. ఇటుకలు పట్టుట ఆ పిల్లకు అదియే మొదలు. మొదట రెండు మూడు మాఱులు తలక్రిందులుగ నొక్కి చూచి, తరువాత ఎవరి నడుగకయే తెలిసికొనెను. ఆమె యింటిముందు పసుపుపచ్చ ముక్కలతో బల్లపరుపుగ ఏదో కట్టుచుండగా ఒక బాలుడు, "అదేమిటి, కారు పెట్టడానికా?" అనెను.

"కాదు, అరుగు. మా అమ్మమ్మ ఊళ్ళో ఉంది. దానిమీద కూచుని చింతగింజలు తీస్తారు."

కిటికీయొద్దనుండి మావాడు తిరిగి చూచెను. వచ్చి, మోకాళ్ళపై కూర్చుండి, "అరుగు అంత ఎత్తు ఉండదు. మా తాతగారింట్లో మూడు మెట్లే" అనెను.

"మా అమ్మమ్మ ఇంట్లో నాలుగు."

"అయితే ఇక్కడ నాలుగు, అక్కడ మూడు."

అట్లు రెండవ యిల్లు మొదలయ్యెను. నేను సాక్షిగ పిలువబడితిని. "అమ్మా, నుయ్యి ఇంటికి ఏ వైపు?" తూర్పు. "పడకగది తలుపు పెరట్లోకా, చావట్లోకా?" చావడిలోనికి. "అరుక్కి ఎన్ని స్తంభాలు?" నేను పందొమ్మిదేండ్లు ఆ యింట పెరిగినదానను, స్తంభములు నాలుగో ఆఱో నాకు జ్ఞప్తికి రాలేదు. వాడు వేచి చూచి, "ఆరు. ఒకదానికి సున్నం రాలిపోయింది" అనెను. నిజమే. ఈ పర్యాయము కప్పు మొత్తము ఎఱ్ఱనిదే యైనది. మిగిలిన పిల్లలు తమ రాశినుండి ఎఱ్ఱవి ఏఱి ఇచ్చిరి. మునుపటికన్న చిన్నయిల్లు. గొడ్లసావిడికి చోటు చాలలేదు. నాకు నచ్చినదని చెప్పగా, వాడు తల వంచి చూచి, "మొదటిదే బాగుంది" అనెను. అదియు నిజమే కావచ్చును. నేను దానిని చూడలేదు గదా.

చేతులకు జిడ్డు అంటినచో ఇటుకలు పాడగును గావున ఆట ముగిసి చేతులు కడిగిన తరువాతనే తినుబండారములు పెట్టవలెను. ఇడ్లీపిండిని గిన్నెలలో పోయక నేయి రాచిన లోతుపళ్ళెములో పోసి ఆవిరిపై ఉడికించి, చల్లారిన తరువాత ఇటుకలవలె కోసితిని. మీద కొంచెము నేయి, కారప్పొడి. అందఱకన్న ముందుగ అవియే ఖాళీయైనవి. తీపికి కొబ్బరిబర్ఫీ: పచ్చికొబ్బరికోరు రెండు గ్లాసులకు పంచదార గ్లాసున్నర, సన్నసెగపై కలుపుచు, గిన్నె అంచులు విడుచునప్పుడు ఏలకులపొడి వేసి, నేతిపళ్ళెములో పోసి, వెచ్చగ నుండగనే కోయవలెను. సగము ముద్దలో బీట్‌రూట్ రసము రెండు చెంచాలు కలిపిన ఎఱ్ఱయిటుకలు, సగమునకు కుంకుమపువ్వు నానిన పాలు కలిపిన పసుపుయిటుకలు తయారగును. ఒక్కొక్కదానిపై జెమ్స్ బిళ్లలు రెండు వరుసలుగ ఎనిమిది అద్దితిని. పసివారికి బిళ్లలు తీసి పెట్టవలెను. కేకు కూడ బజారునుండి వచ్చెను. దానినిగూర్చి వ్రాయుట కేమియు లేదు.

పోవునప్పుడు పిల్లల చేతికి ఏదో యొకటి యిచ్చుట నేటి మర్యాద. పెన్సిలు, రబ్బరు, ఈల నిండిన సంచి ఇంటికి చేరకమున్నే విఱుగును. నేను బాతు చేసిన యాఱు ఇటుకలనే చిన్నగుడ్డసంచిలో వేసి యిచ్చితిని. ఇతరులు చేసిన తక్కువ వెల రకము కొన్నందున కాగితపు టోపీల ఖరీదున కంటె తక్కువకే డెబ్బదిరెండు ఇటుకలు వచ్చినవి. ఇంటిలో పెట్టెలకొలది ఇటుకలున్న పిల్లలు ఆ యాఱింటిని ఏమి చేసికొనిరో తెలియదు. పనిచేయునామె కూతురు మాత్రము మఱునాడు తల్లివెంట వచ్చి, బాతును తలుపుగ, కుర్చీగ, కుక్కగ మార్చి చూపెను. 91 కోట్లలో మూడు.

ఊరు విప్పవలసినప్పుడు నేను చేయి పెట్టలేదు. మావాడే పళ్ళెము పళ్ళెమునకు పోయి, "ఇది విప్పనా? ఫోటో తీసుకున్నారా?" అని కట్టినవారి నడిగి విప్పెను. ఇద్దఱు వద్దనిరి, వారి యిండ్లు వారివెంట పళ్ళెములతో సహా పోయినవి. స్టీలుపళ్ళెము ఒకటి ఇంకను తిరిగి రాలేదు. తాతగారి యిల్లు గాజుబీరువాలో పై అరలో ఉన్నది. పూతపూసిన వెండిగిన్నెలు క్రింది అరకు దిగినవి.

ఇటుకలు కడుగు విధము కూడ చెప్పి ముగించెదను. వేడినీళ్ళు పోయరాదు, 40 డిగ్రీలు దాటిన యెడల ఇటుక వంగి పట్టు పోవును. గోరువెచ్చని నీళ్ళలో కొంచెము సబ్బు వేసి, కూరగాయల వలసంచిలో నింపి ముంచి జాడించి, నీడన గుడ్డపై ఆరబెట్టవలెను. బుడగల యంత్రములోను, ఎండలోను వేయవలదు. మా లెక్కలో తుదకు మూడు తగ్గినవి. ఒకటి ఫ్రిజ్ క్రింద, ఒకటి బియ్యపుపిండి వీధిలో దొరకినవి. మూడవది మఱునాడు తెల్లవారుజామున దీపము వెలిగింపక లేచి తులసికోటయొద్దకు పోవుచున్న మా అత్తగారికి దొరకినది. ఆ సమయమున వారన్న మాటలు ఈ పత్రికలో వ్రాయదగినవి కావు.